నాలుగు బారల బాకీ

జూన్ 6, మంగళవారం: కొకొపో

ముప్పై నాలుగేళ్లు బందరులో ఒక బ్యాంకు నగదు కౌంటరు వెనక కూర్చున్నవాణ్ని కాబట్టి, కొత్త చోట కాలు పెట్టగానే నా కన్ను ముందు డబ్బు మీదికే పోతుంది. పాపువా న్యూ గినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో మా అబ్బాయి ఇంట్లో మనవరాలి ఊయల పక్కన నెల రోజులు గడిపాక, వాడి ఆఫీసులో పనిచేసే ఒక టోలై జాతి కుర్రవాడు సెలవు మీద న్యూ బ్రిటన్ దీవిలోని సొంతూరికి వెళుతుంటే నన్ను అతనికి అప్పగించి పంపారు. మూడు నెలల క్రితం పోయిన అతని తాతవరసాయన పేరిట గుల్లల డబ్బు పెద్ద పంపకం ఉందని, అది చూస్తే పాపువా న్యూ గినీ గురించి నేను అడుగుతున్న ప్రశ్నలు సగం తీరతాయని మా అబ్బాయి చెప్పాడు.

కొకొపో బజారులో అరటిపళ్లు కొని 5 కినాల నోటు ఇస్తే, అమ్మే ఆవిడ చిల్లరతో పాటు నా అరచేతిలో పెట్టిన 1 కినా నాణేనికి నట్టనడుమ గుండ్రటి చిల్లి ఉంది. చిల్లికి చెరో పక్క ఒక మొసలి. మా నాయనమ్మ తాళాల గుత్తికి 1943 నాటి చిల్లికానీ ఒకటి వేలాడుతూ ఉండేది, అది గుర్తుకొచ్చింది. 1975 ఏప్రిల్ 19న ఆస్ట్రేలియా డాలరు స్థానంలో ఈ దేశం సొంత డబ్బు తెచ్చుకున్నప్పుడు, ఎత్తుకొండల వారు మెడలో వేసుకొనే పెద్ద ముత్యపుచిప్ప పేరు కినాకు, మోటు జాతి వారి శంఖపు దండకడియం పేరు కినాలో నూరో వంతైన తోయాకు పెట్టుకున్నారట. మన రూపాయి వెండి పేరు మోస్తే వీరి కినా ఆల్చిప్ప పేరు మోస్తోంది. ఒక కినా అప్పుడు మన లెక్కలో సుమారు 23 రూపాయలు.

బజారులో వక్కల వరుస చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. పచ్చి వక్క, సున్నం మన దగ్గరివే. తమలపాకుకు బదులు అదే జాతి తీగకు కాసే సన్నటి కాయ, దాన్ని డాకా అంటారు. కాయను సున్నంలో అద్ది కొరకాలి. భోజనం తర్వాత తాంబూలం వేసుకొనే అలవాటున్నవాణ్ని, నాకు ఎవరూ నేర్పక్కరలేదన్న ధీమాతో అద్దకం కాస్త ఎక్కువ చేశాను. రాత్రి దాకా నాలుక మీద చారు కూడా నిలవలేదు.

జూన్ 7, బుధవారం: ఊరు

ఊరు కొకొపోకు గంటన్నర దూరంలో, కొబ్బరి, కోకో తోటల నడుమ ఉంది. పీఎంవీ అని పిలిచే చిన్న బస్సులో వెళ్లాం. మా కుర్రవాడి తల్లి, మేనమామ ఒకే వాకిలి చుట్టూ రెండు ఇళ్లలో ఉంటారు. టోలైలలో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. భూమి, అధికారం మేనమామ నుంచి మేనల్లుడికి దిగుతాయి. అందుకే ఇంటికి రాగానే కుర్రవాడు తండ్రిని పలకరించి, మేనమామ ఎదుట మాత్రం చేతులు కట్టుకొని నిలబడ్డాడు. మేనమామను ఇక్కడి వాడుకలో కండేరే అంటారు. నేనూ ఆయన్ని అలాగే పిలిచాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఐగిర్ వండారు. కోడిమాంసం, ఆకుకూరలు, కొబ్బరిపాలు కలిపి, నిప్పుల్లో ఎర్రగా కాల్చిన రాళ్లను అందులో వేసి ఉడికిస్తారు. రాయి పడగానే కొబ్బరిపాలు ఒక్కసారిగా బుస్సుమని పొంగి, అడుగంటిన పాల కమ్మటి వాసన వాకిలంతా నిండింది. కారం ఊసే లేదు. అయినా రెండు గరిటెలు అడిగి వేయించుకున్నాను.

తిన్నాక కుర్రవాడి తల్లి చాప పరచుకొని పని మొదలుపెట్టింది. నేను ఇంత దూరం వచ్చింది దాన్ని చూడడానికే. ఖాళీ వంటనూనె సీసాలోంచి ఆమె చిన్న నత్తగుల్లలను కుమ్మరించింది. ఒక్కొక్కటి నా చిటికెన వేలి గోరంత. ఇదే తబు. మన సినిమా నటి పేరులాగే రాస్తారు. తంబు అని కూడా అంటారు. ఆమె ఒక్కో గుల్లను పటకారు నోట్లో పెట్టి, వీపు మీది గూనిని టక్కున విరుస్తుంది. గూని ఎగిరిపోతుంది, చిల్లి పడ్డ గుల్ల పింగాణీ గిన్నెలో పడుతుంది. గోరుతో అంచు తడిమి చూసి, పగులు కనిపిస్తే పక్కన పారేస్తుంది. తరువాత దారంలా సన్నగా చీల్చిన పేము బద్దకు వాటిని ఒకే దిక్కుకు తిప్పి గుచ్చుతుంది. బద్ద అయిపోతే ముడి వేయదు. కొత్త బద్ద కొసను పాత బద్ద చివరి నాలుగైదు గుల్లల్లోకి దూర్చేస్తుంది. నేను పది గుచ్చి చూపించాను. అందులో మూడు తలకిందులుగా ఉన్నాయని ఆమె తీసి మళ్లీ గుచ్చింది.

మన భాషలో చేతిలో చిల్లిగవ్వ లేదంటే దరిద్రానికి పరాకాష్ఠ. గవ్వకు చిల్లి పడితే బజారులో దాన్ని ఎవరూ తీసుకొనేవారు కారు. ఇక్కడ చిల్లి పెట్టేవరకు గుల్ల గుల్లే, చిల్లి పెట్టాకే అది సొమ్ము. ఈ మాట కుర్రవాడికి ఇంగ్లీషులో వివరించడానికి నాకు పావుగంట పట్టింది. అతను తల్లికి ఒక్క వాక్యంలో చెప్పాడు. ఆమె పటకారు పక్కన పెట్టి మరీ నవ్వింది.

గుల్లలు ఈ తీరంలో దొరకవు. వెనుకటి రోజుల్లో పడవలు కట్టుకొని, దీవి పడమటి వైపున్న నకనాయి తీరానికి వెళ్లి నెలల తరబడి ఉండి ఏరుకొని వచ్చేవారట. ఇప్పుడు చాలావరకు సోలమన్ దీవుల వైపు నుంచి కొని తెస్తున్నారు. గుచ్చిన సరాన్ని రెండు చేతులూ బారజాపి కొలుస్తారు. ఆ కొలతను పోకోనో అంటారు, అంటే అచ్చంగా మన బార. బారకు మూడు వందల పైచిలుకు గుల్లలు పడతాయి. అప్పటి వాడుక మారకం బారకు 5 కినాలు. మా బందరులో మల్లెపూలు మూర వేసే అమ్మాయి మూరకు, కొనేవారి మూరకు ఎప్పుడూ తేడా ఉంటుంది కదా, ఇక్కడ ఎవరి బారతో కొలుస్తారని అడిగాను. కండేరే తన చేతులు చాపి చూపించాడు. ఆయన ఆరడుగుల మనిషి.

చీకటి పడ్డాక ఆయన తన వెనకగది చూపించాడు. వాసాలకు సైకిల్ టైర్లంత చుట్టలు వేలాడుతున్నాయి, ఎండుటాకులు చుట్టి, పేముతో బిగించి. వీటిని లోలోయి అంటారు. ఒక్కో చుట్టలో యాభై బారల నుంచి వందల బారల దాకా ఉంటాయి. నా వేలు దానంతటదే లేచి లెక్కపెట్టబోతే కుర్రవాడు మెల్లగా నా చేయి దించాడు. ఇంత సొమ్ము ఇలా కట్టి వేలాడదీస్తే వడ్డీ ఏమొస్తుందని, వృత్తి అలవాటుతో అడిగాను. ఆయన ఆలోచించి, "నేను పోయిన రోజున తెలుస్తుంది" అన్నాడు.

ఆ గదిలోనే ఒక రేకు డబ్బా ఉంది. అందులో తాడుకు గుచ్చిన 1938 నాటి న్యూ గినీ షిల్లింగులు, జపాను సైన్యం ముద్రించిన మెత్తటి కాగితం నోట్లు, పాత ఆస్ట్రేలియా డాలర్లు. షిల్లింగుకూ నడుమ చిల్లి ఉంది! ఈ తీరాన్ని జర్మన్లు, ఆస్ట్రేలియన్లు, జపానువారు, మళ్లీ ఆస్ట్రేలియన్లు ఏలారు. ఎవరి డబ్బు వారు తెచ్చారు, పోతూ పోతూ దాన్ని కాగితం చేసి పోయారు. జర్మన్ల కాలంలో కొబ్బరి కొనడానికి వచ్చిన తెల్ల వ్యాపారులతో టోలైలు తబు ఇస్తేనే సరుకు ఇస్తామనేవారట. వ్యాపారులు వేరే దారి లేక నకనాయి వెళ్లి గుల్లలు కొనుక్కొని వచ్చేవారు. ఆ బాధ పడలేక 20వ శతాబ్దం మొదట్లో జర్మన్ ప్రభుత్వం తెల్లవారితో వ్యాపారంలో తబు వాడకూడదని ఆజ్ఞ వేసింది. తమలో తాము వాడుకోవడాన్ని మాత్రం ఏ ప్రభుత్వమూ ఆపలేకపోయింది. కండేరే ఆ డబ్బాను పిల్లలు ఆడుకోవడానికి ఇస్తాడు. లోలోయిల గదికి మాత్రం తాళం వేస్తాడు.

జూన్ 8, గురువారం: తప్పుదారి

పొద్దున్నే నడక నాకు బందరు అలవాటు. ఎవరినీ లేపకుండా బయలుదేరి, సముద్రం వైపు పోతున్నట్టున్న ఒక సన్నదారి పట్టాను. దారికి ఇరువైపులా ఎర్రటాకుల మొక్కలు నాటి ఉన్నాయి. ఎవరో తోట అందానికి పెంచారనుకొని సాగిపోయాను. రెండు వందల అడుగులు వేశానో లేదో, వెనక నుంచి కేక వినిపించింది. ఇద్దరు మగవాళ్లు పరుగున వచ్చి, నా భుజం పట్టుకోకుండా, నా ముందుకొచ్చి చేతులు చాపి అడ్డంగా నిలబడ్డారు.

అది తరాయు. తుబువాన్ అనే ముసుగు దేవత కొలువుండే చోటు. ఆ కొలువులో చేరిన మగవారు తప్ప ఇంకెవరూ అడుగుపెట్టకూడదు, ఆడవారైతే అటువైపు చూడకూడదు. కొలువులో చేరడానికీ తబు కట్టాలి, తప్పు చేసినా తబు కట్టాలి. వాకిట్లో అరగంట పంచాయితీ జరిగింది. ఎవరూ గొంతు పెంచలేదు, నా వైపు కోపంగా చూడలేదు. ముసలివాడు, పరాయివాడు, ముసుగులు చూడలేదు అని మూడు మాటలు నా తరఫున చెప్పినట్టు తర్వాత తెలిసింది. చివరికి నాలుగు బారలు అని తేల్చారు. అది చాలా తక్కువ జరిమానా అని కుర్రవాడు ఊరట పలికాడు. నేను జేబులోంచి 20 కినాల నోటు తీశాను.

ఆ నోటు వైపు ఎవరూ చూడలేదు. చూడకపోవడం అంటే ఎవరో తుమ్మితే మర్యాదగా తల పక్కకు తిప్పుకున్నట్టు. కండేరే లోపలికి వెళ్లి నాలుగు బారలు తెచ్చి పెద్దల ముందు పెట్టాడు, వ్యవహారం ముగిసింది. ఎందరికో అప్పు కాగితాలు రాయించిన నేను అలా మొదటిసారి గుల్లల అప్పులో పడ్డాను. ఇరవై కినాలు ఎందుకు పనికిరాలేదని సాయంత్రం దాకా కుర్రవాడిని వేధించాను. అతను ఓపికగా ఇలా చెప్పాడు: "కినా ఎవరి దగ్గరైనా ఉంటుంది అంకుల్. దొంగ దగ్గరా ఉంటుంది. తబు మీ దగ్గర ఉందంటే మీకు ఎవరో ఇచ్చి ఉండాలి, లేదా మీ ఇంటివాళ్లు కూర్చొని గుచ్చి ఉండాలి." తబును బజారులో కినాలకు అమ్ముతున్న సంగతి అతనికి తెలియనిది కాదు. ఆ మాట నేనూ అన్నాను. అతను భుజాలెగరేశాడు.

జూన్ 9, శుక్రవారం: కొకొపో, రబౌల్

బాకీ తీర్చడానికి పొద్దున్నే కొకొపో బజారుకు వెళ్లాం. తబు అమ్మేవారు కూరగాయల వరుసల చివర కూర్చుంటారు. ముందు అడిగిన ఆమె నాలుగు బారలకు 20 కినాలు అంది. బేరం ఆడబోతే కుర్రవాడు వద్దని సైగ చేశాడు, డబ్బును బేరమాడి కొంటారా అని. అది నిజమే, నోట్ల మారకంలో నేనూ ఎవరితోనూ బేరం ఆడనిచ్చిన వాణ్ని కాను. ఆమె పొట్టి మనిషి. ఆమె చేతులు చాపుతుంటే నా బ్యాంకు బుద్ధి మేల్కొని, మధ్యలో సరం వేలాడకుండా లాగి పట్టుకోమన్నాను. ఆమె లాగి పట్టుకుంది. ఆమె బార అంతే.

మిగిలిన పూటకు రబౌల్ చూద్దామని వెళ్లాం. 1994 సెప్టెంబరు 19న తవుర్‌వుర్, వల్కన్ అనే రెండు అగ్నిపర్వతాలు దాదాపు ఒకేసారి పేలి ఈ పట్నాన్ని బూడిదలో పూడ్చాయి, ఆ తర్వాతే ఈ ప్రాంతపు రాజధాని కొకొపోకు మారింది. ఇప్పుడు అక్కడ చెట్లు మొలిచిన వీధుల చదరాలు, నల్లటి ఇసుక, కొండ అడుగున పొగలు కక్కే వేడినీరు. మటుపిట్ దగ్గర వెచ్చటి ఇసుకలో ఒక రకం అడవికోడి గుడ్లు పెట్టి పోతుంది, ఆ వేడికే అవి పొదుగుతాయి. కుర్రాళ్లు నిలువెత్తు గోతులు తవ్వి వాటిని తీసి అమ్ముతున్నారు. ఉడికించిన గుడ్డు 3 కినాలు. అంతా పచ్చసొనే, ఒక్కటి తింటే కడుపు నిండింది.

గుడ్లు అమ్ముతున్న ముసలావిడ పేలుడుకు ముందు రాత్రి ఊరు వదిలిన వాళ్లలో ఒకతె. ఏం పట్టుకొని బయటపడ్డారని అడిగించాను. పిల్లలు, బైబిలు, ఒక లోలోయి అంది. లోలోయి బరువు కదా అంటే, తన భర్త దాన్ని మెడకు తగిలించుకొని నడిచాడని చూపిస్తూ, రెండు చేతులతో తన మెడ చుట్టూ వలయం గీసింది. కుట్టుమిషను వదిలేసి వచ్చినందుకు మాత్రం ఇప్పటికీ బాధే.

ఊరికి తిరిగొచ్చి నాలుగు బారలు కండేరేకు ఇవ్వబోయాను. ఇప్పుడు కాదు, పంపకం కానిమ్మన్నాడు.

జూన్ 10, శనివారం: పంపకం

తెల్లవారేసరికి వాకిట్లో వెదురు పందిరికి పదకొండు లోలోయిలు వేలాడుతున్నాయి. ఇవి పోయినాయనవి, ఆయన నలభై ఏళ్లు కూడబెట్టినవి. పక్కన గెడ్డలు, అరటిగెలలు, బియ్యం బస్తాలు, డబ్బా చేపల పెట్టెలు, కట్టేసిన పందులు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవారు వంశాల వారీగా నేల మీద కూర్చున్నారు. ఆడవారు ఒక వైపు, మగవారు ఒక వైపు. నన్ను మగవారి చివరి వరుసలో, నీడ పడే చోట కూర్చోబెట్టారు.

ముసుగులు మొదట వచ్చాయి. ఆడవారు పిల్లలను తీసుకొని దూరంగా జరిగారు. తుబువాన్ ఆడ ముసుగు: కోసుగా లేచిన తల, వలయంలో వలయంగా గీసిన పెద్ద కళ్లు, మెడ నుంచి మోకాళ్ల దాకా పొరలు పొరలుగా ఆకుల గుమ్మటం. చేతులు కనబడవు. అది నేలను తొక్కుతూ నా ముందు నుంచి పోతుంటే ఆకుల చప్పుడు వరికుప్ప మీద గాలి వీచినట్టుంది. లోపల ఎవరో మనిషి ఉంటాడన్న ఆలోచన నాకు రావడమే తప్పన్నట్టు, పక్కనున్నాయన నా మోకాలు మీద తట్టి కళ్లు దించమన్నాడు.

తరువాత కండేరే పెద్ద కత్తితో మొదటి లోలోయి కట్టు కోశాడు. ఏళ్ల తరబడి బిగిసి ఉన్న చుట్ట ఊపిరి వదిలినట్టు కిందికి జారింది. ఎండుటాకుల మధ్య నుంచి తెల్లగా సరాలు బయటపడ్డాయి. వాటిని మేనల్లుళ్లు భుజాన వేసుకొని వరుసల వెంట నడుస్తూ, ఇంత ఇంత తుంచి ఒక్కొక్కరి కాళ్ల ముందు పడేసుకుంటూ పోయారు. చేతికివ్వడం, నమస్కరించడం, కళ్లలోకి చూడడం ఏమీ లేదు. తుంచిన ముక్క నేల మీద పడుతుంది, పుచ్చుకొనేవారు కాసేపు దాని వైపు చూడనట్టే ఉంటారు. చావులో తోడున్నవారికి పెద్ద ముక్క, ఊరికే వచ్చినవారికి చిన్న ముక్క. పందిరి గుంజకు ఆనుకొని ఒక బడిపిల్లవాడు గీతల నోటుబుక్కులో రాస్తూ ఉన్నాడు. రెండో పేజీ తిప్పుతుంటే తొంగి చూశాను: పేరు, వంశం, ఎన్ని బారలు. ఈ రోజు పుచ్చుకున్నవారి ఇంట చావు జరిగితే ఈ ఇంటివారు వెళతారు, అక్కడ తుంచి వేస్తే పుచ్చుకుంటారు. ఖాతా ఎప్పటికీ మూయరు. మూయనందువల్లే అందరూ వస్తారని నాకు అనిపించింది.

నా కాళ్ల ముందూ ఒక ముక్క పడింది. పొరపాటున పడిందనుకొని తీసి ఇచ్చేయబోతే కుర్రవాడు పరుగున వచ్చి ఆపాడు. తిరిగివ్వడం అంటే చనిపోయినాయనను కాదన్నట్టట. చూసినందుకు, కూర్చున్నందుకు ఇస్తారు. నేను ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాను.

మధ్యాహ్నానికి పదకొండూ ఖాళీ అయ్యాయి. సుమారు ఎనిమిది వందల బారలు పంచి ఉంటారని కుర్రవాడి అంచనా. మన లెక్కలో 90 వేల రూపాయలకు పైమాటే, గుల్లల రూపంలో, అయిదు గంటల్లో. తబు లేకుండా పోయినవాడి ఆత్మకు పితరుల లోకంలో చోటు దొరకదని వెనుకటివారు నమ్మేవారట. ఇప్పుడు అందరూ చర్చికి వెళ్లేవారే గనక ఆ మాట పైకి అనరు. పై ఊళ్లో ఒకాయన దగ్గర ఇరవై లోలోయిలున్నాయట, ఏ పంపకానికీ కట్టు విప్పడట. ఆయన ప్రస్తావన రాగానే మా వరుసలో నలుగురు ఒకేసారి వక్క ఉమ్మేశారు. పోయినాయన ఇల్లు మాత్రం రేకుల కప్పు కూడా సరిగా లేని రెండు గదుల కొట్టం. ఆ ఇంటి ముందు ఆ రోజు కూర్చున్నవారు అయిదు వందలకు తక్కువ ఉండరు.

జూన్ 11, ఆదివారం: బాకీ

చర్చిలో కానుకల పళ్లెంలో కినా నోట్ల మీద రెండు జానెడు తబు ముక్కలు పడటం చూశాను. నేను నోటే వేశాను, నిన్నటి ముక్క జేబులోనే ఉంది.

ఆరాధన అయ్యాక, వాకిట్లో పదిమంది ఉన్నప్పుడు, నా నాలుగు బారలు కండేరే ముందు పెట్టమన్నాడు కుర్రవాడు. పెట్టడం కాదు, పడేయాలి. అంతటి పెద్దాయన ముందు ఏదైనా పడేయడానికి నా చెయ్యి రాలేదు. రెండు చేతులతో వంగి పెట్టాను. అందరూ నవ్వారు, ఆయన కూడా. సరం తీసి, కొలవకుండానే భుజాన వేసుకొని, నాకు ఒక పచ్చి వక్క ఇచ్చాడు. ఈసారి సున్నం ఆవగింజంతే అద్దాను.

బందరు

ఇంటికొచ్చి పన్నెండు రోజులైంది. ఇది రాస్తుంటే కుర్రవాడి దగ్గరి నుంచి మా అబ్బాయి ద్వారా కబురొచ్చింది. కండేరే నా నాలుగు బారలను తన చేతులతో కొలిచాడట. మొత్తం మీద ఒక జానెడు తక్కువైందట. తొందరేమీ లేదు, మళ్లీ వచ్చినప్పుడు తెమ్మన్నాడట.

బీరువాలోంచి ఆ పంపకం నాటి ముక్క తీసి, కిటికీ దగ్గర వెలుతురులో కొలిచాను. నా చేతితో జానెడు మీద నాలుగు వేళ్లు ఉంది. ఆయన చేతితో ఎంతవుతుందో తెలియదు.